కాలువ కంపు, కొత్త టైల్స్

సంపాదకుల వారికి నమస్కారం.

క్రిస్మస్ దగ్గర పడితే కర్నూలులో ఏ సందు చూసినా స్టార్లే, మైకులే. నేనూ విశ్వాసినే, మా ఇంటికీ స్టార్ కడతాం, కాబట్టి ఇది బయటివాళ్ల విమర్శ అనుకోవద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచినప్పుడు మా మందిరంలో మోకాళ్ల దాకా బురద, బైబిళ్లు ఉబ్బిపోతే మిద్దె మీద ఆరబెట్టి, పక్కింటి సాయిబు గారి ఇల్లు కడగడానికి అందరం చీపుర్లు పట్టుకుని పోయినాం. ఆ వారం పాట లేదు, ప్రసంగం లేదు. నేను చూసిన మంచి ఆరాధన అదే.

ఇప్పుడు మందిరానికి టైల్స్ వచ్చాయి, ఏసీ వచ్చింది, బయట కాలువ మాత్రం అట్లే కంపు. కొండమీద ప్రసంగంలో ఏసు ధన్యులన్నది ఆత్మ విషయంలో దీనులైనవాళ్లని, అంటే దేవుడి ముందు నా దగ్గర ఏమీ లేదని ఒప్పుకునేవాళ్లని. బైబిల్ చివరి పుస్తకం ప్రకటనలో, మాకేం తక్కువ అనుకున్న లవొదికయ అనే ఊరి సంఘానికి మాత్రం, నువ్వే దిక్కులేని పేదవాడివి అని ముఖం మీదే చెప్పాడు. మాకు ఏది వర్తిస్తుందో నాకైతే అనుమానం లేదు.

బబులోనుకు బందీలుగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. అది పరాయి ఊరు, పైగా శత్రువుల ఊరు! మనది సొంత ఊరే కదా.

స్టార్ల డబ్బులో సగం పెట్టి పారలు కొని, ఒక ఆదివారం కాలువ దగ్గర దిగుదామని సంఘంలో అడిగాను. నలుగురు సరేనన్నారు, పాస్టరు గారు చూద్దాం అన్నారు.

– ఒక విశ్వాసి, కర్నూలు