పదకొండు, తొమ్మిది

నాన్నా,

మొన్న ఫోన్‌లో అమ్మ "అర్ధరాత్రి దాకా ఆ కంప్యూటర్ ముందు ఏం చేస్తున్నావురా" అంటే ఆఫీసు పని అన్నాను. అబద్ధం. ఆట ఆడుతున్నాను. అమ్మకి మీరే మెల్లగా చెప్పండి.

సివిలైజేషన్ 4 అని స్ట్రాటజీ గేమ్. క్రీ.పూ. 4000లో మొదటి ఊరు కట్టడంతో మొదలవుతుంది. మామూలుగా ఒక్కరే ఆడుకుంటారు. మేం మాత్రం ఇరవై మందిమి కలిసి ఒకే రాజ్యాన్ని ఏలుతున్నాం. వాదించుకుంటాం, ఓట్లేస్తాం. ఆ వారం వంతు ఎవరిదైతే వాళ్లు, ఆట ఆగినచోటు దాచి ఉంచే సేవ్ ఫైల్ తెరిచి, నెగ్గిన మాట ప్రకారం పది టర్న్‌లు ఆడి, ఫైల్ తర్వాతివాళ్లకి ఇస్తారు. మొదటి ఊరు నిలబడ్డచోటే కట్టాలా, ఒక గడి జరిగి నది ఒడ్డున కట్టాలా అని మూడు రోజులు కొట్టుకున్నాం. జరిగితే మహా అయితే పోయేది ఒక్క టర్న్!

మీకు చెస్‌లో చెబితే తేలిక. 1999లో కాస్పరోవ్ ఒకవైపు, ప్రపంచమంతా ఒకవైపు ఇంటర్నెట్‌లో ఆడారు. 75కి పైగా దేశాల నుంచి 50 వేల మందికి పైగా పాల్గొన్నారు, ప్రతి ఎత్తుకీ ఓటింగే. నాలుగు నెలలు సాగి 62 ఎత్తుల్లో కాస్పరోవే గెలిచాడు. కానీ అక్కడో సుఖం ఉంది. ఓటు తేలిందంటే ఎత్తు తేలినట్టే. మాకు ఓటు తేలాకే అసలు తలనొప్పి.

పోయిన వారం బార్బేరియన్ల (ఆటలో ఏ రాజ్యానికీ చెందని ఆటవికులు) ఊరి మీద పడాలా వద్దా అన్నారు. నేను వద్దన్నాను. 11–9తో ఓడిపోయాను. ఆడే వంతు చూస్తే నాదే.

"ముగ్గురు గొడ్డలి సైనికులతో ఊరు పట్టుకోవాలి." రాసిచ్చింది అంతే. ఊళ్లో ఇద్దరు విలుకాళ్లు. మౌస్ పెడితే గెలిచే అవకాశం 70 శాతం పైనే చూపించింది. మొదటివాణ్ణి పంపాను, చచ్చాడు. రెండోవాణ్ణి పంపాలా? మొదటివాడు పోతే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. గాయపడిన విలుకాడు వెనక్కి తగ్గి రెండో విలుకాడు ముందుకొస్తాడు, అంటే మళ్లీ మొదటికే. చెయ్యి మౌస్ మీదే పెట్టి పావుగంట కూర్చున్నాను. చివరికి మిగిలిన ఇద్దర్నీ వెనక్కి పిలిచి, ఆట అక్కడే ఆపి ఫైల్ పంపేశాను.

మర్నాటికి గాయపడినవాడు కోలుకున్నాడు, ఊళ్లో మూడో విలుకాడు తయారయ్యాడు. ఇక తిట్లే తిట్లు. "నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు, అందుకే ఆపావు" అన్నారు. ఆదేశం సరిగ్గా రాయలేదని నేనూ అరిచాను. ఇప్పుడు ప్రతి ఆదేశంలోనూ "ఒకడు పోతే" అని ఒక వాక్యం రాస్తున్నారు. నేను పెట్టించిందే.

మీకొక్కరికే చెబుతున్నాను. గెలుస్తామని నమ్మి ఓటేసినవాణ్ణయితే ఆపేవాణ్ణా? నాకే తెలియడం లేదు.

ఆ టర్న్ సేవ్ ఫైల్ ఇంకా నా దగ్గరుంది. ఈ ఆటలో ఫైల్ మళ్లీ తెరిచి అదే వరసలో ఆడితే యుద్ధం ఫలితం మారదు. మొదటివాడు మళ్లీ చస్తాడు. రెండోవాణ్ణి పంపి ఉంటే ఏమయ్యేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వారం నుంచీ ఆ ఫైల్ దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను.

ఆదివారం ఫోన్ చేస్తాను. అమ్మ ముందు ఈ ఫైల్ సంగతి ఎత్తకండి.

మీ చిన్నోడు