పెప్ మాత్రలు వాడాక పరీక్ష: లెక్క ఏ రోజు నుంచి?

సంపాదకుడు గారికి,

హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎదురైనవాళ్లు 72 గంటల్లోపు పెప్ మాత్రలు (వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఆపే మందులు) మొదలుపెట్టాలని, 28 రోజులు మానకుండా వేసుకోవాలని మీ ఆరోగ్య పేజీలో చక్కగా రాశారు. ఆ తర్వాత చేయించుకోవాల్సిన పరీక్ష గురించి మాత్రం ‘కొన్ని వారాలకు’ అని సరిపెట్టారు. ల్యాబ్‌లో పనిచేసేవాడిగా చెబుతున్నాను, జనం తికమక పడేది సరిగ్గా అక్కడే.

నరం నుంచి రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ పరీక్షకు 45 రోజులు చాలని చాలామంది ఎక్కడో చదివి వస్తారు. మాట నిజమే, కాకపోతే మాత్రలు వాడనివాళ్లకు. ఆ పరీక్ష వెతికేది రెండింటిని: వైరస్‌లోని పి24 యాంటిజెన్‌ను, దానికి మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. ఎక్కడైనా పెప్ విఫలమైతే, ఆ మందులే వైరస్‌ను కొన్నాళ్లు అణచి ఉంచవచ్చు. అప్పుడు యాంటిజెన్ కనిపించదు, యాంటీబాడీలూ ఆలస్యంగా పుడతాయి. అందుకే బ్రిటన్ మార్గదర్శకాలు 45 రోజుల లెక్కను ఆఖరి మాత్ర నుంచి వేయమంటున్నాయి. అంటే ఘటన జరిగాక సుమారు 73 రోజులు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మాత్రం ఘటన జరిగిన 4 నుంచి 6 వారాల మధ్య ఒకసారి, 12 వారాలకు ఆఖరిసారి చేయమంటుంది. మాత్రలు వాడిన మనిషి ఘటన జరిగిన 45వ రోజున పరీక్ష చేయించుకుంటే, మందు ఆపి మహా అయితే 17 రోజులే అయి ఉంటుంది. ఆ రోజు వచ్చే ‘నెగెటివ్’ ఊరట ఇస్తుందే గానీ తీర్పు కాదు. వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి చేసే ర్యాపిడ్ కిట్లలో ఎక్కువ శాతం యాంటీబాడీలనే చూస్తాయి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి.

మాత్రలు ఇచ్చే రోజున చేసే మొదటి పరీక్షతోనూ ఇదే చిక్కు. అది పాత సంగతి చెబుతుంది, నిన్నటి ప్రమాదం గురించి కాదు. ఆ కాగితం పట్టుకుని ‘నాకేం లేదట’ అని కోర్సు మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు.

ఇదంతా భయపెట్టడానికి కాదు. వేళకు మొదలుపెట్టి పూర్తిగా వాడితే పెప్ విఫలమవడం అరుదు. గడువు దాటాక సరైన పరీక్షలో నెగెటివ్ వస్తే, మధ్యలో మళ్లీ ప్రమాదం ఎదురుకానట్లయితే, ఆ విషయం అంతటితో ముగిసినట్టే. అయినా నమ్మకం కుదరక వారం వారం రక్తం ఇచ్చిపోయేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వాళ్లకు ఇంకో సూది అక్కర్లేదు, కూర్చోబెట్టి మాట్లాడే మనిషి కావాలి.

ఆసుపత్రులు మాత్రల చీటీ మీదే ఆఖరి పరీక్ష తేదీ రాసివ్వాలి. ల్యాబ్‌లు రిపోర్టులో ఏ రకం పరీక్ష చేశారో స్పష్టంగా వేయాలి, పెప్ వాడారా అని అడిగి ఆ ముక్క కూడా చేర్చాలి. ఆ తేదీ వచ్చేదాకా కండోమ్ వాడాలనీ, రక్తదానం చేయకూడదనీ, మధ్యలో జ్వరం, గొంతునొప్పి, మెడలో, చంకల్లో బిళ్లలు, ఒంటి మీద దద్దుర్లు వస్తే తేదీ కోసం ఆగకుండా డాక్టర్‌ను కలవాలనీ అదే చీటీలో ఉండాలి. మీరూ ఆ వ్యాసానికి సవరణగా ‘ఆఖరి మాత్ర నుంచి లెక్క’ అన్న మాటను అదే పేజీలో వేయగలరు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్