పదమూడేళ్ల నాటి స్నీకర్లను 'సరికొత్తవి' అని అమ్మడంపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం.

మీ రీసేల్ యాప్‌లో 2025లో 31,500 రూపాయలకు కొన్న ఎయిర్ జోర్డాన్ 4 'బ్రెడ్' (నలుపు-ఎరుపు రంగుల పాత మోడల్‌ను 2012లో మళ్లీ విడుదల చేసిన 'రెట్రో') స్నీకర్ల జత గురించి ఈ ఫిర్యాదు. అమ్మకం పేజీలో 'డెడ్‌స్టాక్, ఒక్కసారీ వేసుకోనిది, తనిఖీ పూర్తయింది' అని రాశారు. పెట్టె, లేసులు, ట్యాగ్ అన్నీ అసలువే, వాటితో పేచీ లేదు. కానీ వేసుకుని పావుగంట నడిచేసరికి ఎడమ మడమ దగ్గర మిడ్‌సోల్ (పాదానికీ అడుగుకూ మధ్య ఉండే మెత్తని పొర) రంగు నెర్రెలు విచ్చింది. లోపలి ఫోమ్ వేలు తగిలితే చాలు, పొడిగా రాలుతోంది. మడమలోని గాలి సంచి ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది. ఫోటోలు, వీడియో జతచేశాను.

'వాడిన జత వాపసు తీసుకోం' అని మీ సిబ్బంది జవాబిచ్చారు. కొన్నవాళ్లకు ఈ లోపం నడిస్తేనే తెలుస్తుంది. తనిఖీ చేసేవాళ్లకు మాత్రం నిమిషం పని.

ఈ మోడల్ మిడ్‌సోల్ పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ ఫోమ్‌తో చేస్తారు. గాలిలోని తేమ ఆ ఫోమ్‌లోని బంధాలను మెల్లగా తెంచుతుంది. అలా తెగినప్పుడు పుట్టే ఆమ్లం మిగతా ఫోమ్‌ను ఇంకా త్వరగా తినేస్తుంది. వాడకుండా పెట్టెలో దాచినంత మాత్రాన ఇది ఆగదు. మీ గిడ్డంగి నుంచి వచ్చిన జతను ప్లాస్టిక్‌తో బిగుతుగా చుట్టి, లోపల ఒక్క సిలికా జెల్ పొట్లం పడేశారు. చుట్టేటప్పటికే ఉన్న తేమ, ఆమ్లం లోపలే ఉండిపోతాయి. పొట్లం పీల్చగలిగినంత పీల్చాక ఇక పనికిరాదు. తయారుచేసిన కంపెనీని తప్పుపట్టడం లేదు, పాలియురేథేన్ గుణమే అది. ఆ సంగతి తెలిసిన వ్యాపారంలో ఉండి చెప్పకుండా అమ్మడమే తప్పు.

తనిఖీ ఇలా చేయాలి. లోపలి సైజు ట్యాగ్ మీద తయారీ తేదీలుంటాయి, ముందు అవి చూడాలి. తర్వాత మడమ పక్కన, రంగు వేసిన అంచు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదలాలి. బాగున్న ఫోమ్ వెంటనే పైకి లేస్తుంది. పాడైనదైతే నొక్కిన చోట గుంట అలాగే ఉంటుంది, లేదా రంగు మీద సన్నని గీతలు పడతాయి. చివరగా ముందుభాగాన్ని కాస్త వంచి, అంచు దగ్గర జిగురు విడుతోందేమో చూడాలి. అంతా రెండు నిమిషాలు పట్టదు. మీ తనిఖీ కార్డులో కుట్టు, పెట్టె లేబుల్, వాసన ఉన్నాయి గానీ మిడ్‌సోల్ గురించి ఒక్క గడి కూడా లేదు.

జిగురుతో అతికించుకోమని ఉచితంగా సలహా కూడా ఇచ్చారు. జిగురు పొడికి అతుక్కుంటుంది గానీ, ఆ పొడి దేనికి అతుక్కుంటుంది? వేరే జత నుంచి అడుగు కోసి మార్చడం ఒక్కటే దారి. దానికి ఇంకో జత కొనాలి.

దాచుకునేవారికి అమ్మే జత వేరు, వేసుకునేవారికి అమ్మే జత వేరు. 1989 నాటి తొలి విడత జోర్డాన్ 4ను నడవడానికి ఎవరూ కొనరు, దాని ధర దాని చరిత్రకు. 1985 నాటి జోర్డాన్ 1కు రబ్బరు అడుగు కాబట్టి దాని సంగతి వేరు. దాచుకునే జతకూ, వేసుకునే జతకూ 'డెడ్‌స్టాక్' అనే ఒక్క ముద్ర వేస్తే కొనేవారు మోసపోక ఏం చేస్తారు?

నేను కోరేవి: పూర్తి సొమ్ము, తిప్పి పంపే ఖర్చు. ప్రతి జత పేజీలో తయారీ నెల, సంవత్సరం, ట్యాగ్ ఫోటో. పాత పాలియురేథేన్ జతలకు 'నొక్కి చూశాం' లేదా 'దాచుకోవడానికి మాత్రమే' అన్న మాట.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ లేఖ అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. రాలిన ఫోమ్‌ను కవరులో భద్రపరిచాను, అడిగితే పంపుతాను.

ఇట్లు,
కొనుగోలుదారు
విశాఖపట్నం