చావు గురించి పాడటం చావమని చెప్పడం కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మెటల్, మెటల్‌కోర్ పాటల మీద, అంటే గిటార్లు, డ్రమ్స్ బిగ్గరగా మోగిస్తూ అరుస్తూ పాడే రాక్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈ సంగీతం పిల్లల్ని కొట్లాటలవైపు, మత్తువైపు, చివరికి చావు ఆలోచనలవైపు నెడుతోందని అందులో రాశారు. అంత పెద్ద ఆరోపణ చేసినవారు ఒక్క బ్యాండ్ పేరు గానీ, ఒక్క ఆల్బమ్ పేరు గానీ చెప్పలేదు. అరుపులు, నల్ల టీషర్టులు, పుర్రె బొమ్మలు, ఇవే వారు చూపిన సాక్ష్యాలు. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా ఊళ్లో ఒక హాస్టల్ వార్డెన్ మీ పేజీ కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించారు. ఇలాంటి పాటలు వింటూ దొరికితే ఫోన్ లాక్కుంటామని కింద పెన్నుతో రాశారు. పత్రికలో అచ్చయిన మాటకు మన దగ్గర ఇంకా అంత విలువ ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక్క ఆల్బమ్ గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊరుంది. అక్కడ టామ్ సర్ల్, డాన్ సర్ల్ అనే కవల అన్నదమ్ములు 2004లో ఒక బ్యాండ్ మొదలుపెట్టారు. అదే తర్వాత 'ఆర్కిటెక్ట్స్'గా పేరు తెచ్చుకుంది. టామ్ గిటార్ వాయించేవాడు, డాన్ డ్రమ్స్. ఆ తర్వాత శామ్ కార్టర్ గాయకుడిగా చేరాడు. బ్యాండ్‌కు బాణీలు కట్టడంలో పెద్ద చెయ్యి టామ్‌దే. అలాంటివాడికి క్యాన్సర్ వచ్చింది. మూడేళ్లపాటు ఆ జబ్బుతోనే పాటలు కట్టాడు, దేశదేశాలు తిరిగి కచేరీలు చేశాడు. బయట ఎవరికీ చెప్పలేదు. 2014 ఆల్బమ్‌లో ఒక పాటకు 'క్యాన్సర్' అనే పేరే పెట్టారు. 2016 మే నెలలో వచ్చిన ఆల్బమ్ చివరి పాట మరణాన్ని ఎదురుగా నిలబెట్టుకుని పాడినట్టు ఉంటుంది. విన్నవాళ్లు ఈ తరహా సంగీతంలో మామూలేగా అనుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 20న, 28 ఏళ్లకే టామ్ చనిపోయాడు. అప్పుడు గానీ ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో వాళ్లకు అర్థం కాలేదు.

మిగిలినవాళ్లు ఏడాదిపాటు కొత్త పాట ఏదీ విడుదల చేయలేదు. 2017 సెప్టెంబరులో 'డూమ్స్‌డే' అనే ఒక్క పాట వచ్చింది. టామ్ మొదలుపెట్టి వదిలేసి వెళ్లిన బాణీ అది. అన్న పోయిన ఇంట్లో తమ్ముడో, తమ్ముడు పోయిన ఇంట్లో అన్నో సగంలో ఆగిన పని చేతిలోకి తీసుకోవడం ఎంత కష్టమో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇద్దరూ కవలలు. డాన్, కొత్తగా చేరిన గిటారిస్టు జోష్ మిడిల్టన్ కలిసి ఆ పాట పూర్తిచేశారు. 2018 ఫిబ్రవరిలో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో కచేరీ చేసి టామ్‌ను తలుచుకున్నారు. ఆ ఏడాది నవంబరు 9న 'హోలీ హెల్' ఆల్బమ్ విడుదలైంది. పదకొండు పాటలు, ముప్పావు గంట కూడా పట్టదు. మాటలు రాసింది డాన్. నొప్పిని ఎలా మోస్తాం, దానితో ఎలా బతుకుతాం అన్నదే ఈ ఆల్బమ్ అని అతను అప్పట్లో చెప్పాడు.

మీ వ్యాసకర్త ఈ ముప్పావు గంట కేటాయించి ఉంటే ఏం వినేవారు? మొదటి పాట వయొలిన్లతో మెల్లగా లేస్తుంది. చావు ఓటమి కాదన్నదే దాని పేరు. ఆ తర్వాత పాట పాటకూ కోపం పెరుగుతుంది. దేవుడి మీద కోపం, ఓదార్చడానికి వచ్చేవాళ్ల మీద కోపం, తాను బతికి ఉన్నందుకు తన మీదే కోపం. 'డూమ్స్‌డే' పదో పాట. అందులో శామ్ గొంతు ఒక చోట చీలిపోతున్నట్టు ఉంటుంది. పదకొండో పాటకు వచ్చినా దుఃఖం తీరదు. కానీ పోయినవాడి కోసమైనా మిగిలిన బతుకును సరిగ్గా బతకాలన్న చోటికి పాట వచ్చి ఆగుతుంది. ఇందులో చావు చాలా పాటల్లో ఉంది. చావమన్న పిలుపు మాత్రం నాకు ఎక్కడా వినిపించలేదు.

ఇక అరుపుల సంగతి. మన పల్లెల్లో ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని శోకాలు పెట్టి ఏడుస్తారు. పోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తారు, ఎందుకు పోయావని నిలదీస్తారు, దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిడతారు. ఏడవనివ్వండి, గుండె బరువు దిగుతుందని పెద్దవాళ్లే అంటారు. ఆ వీలు మనం మగపిల్లలకు ఇవ్వలేదు. తండ్రి పోయిన పద్దెనిమిదేళ్ల కుర్రాడితో 'మగాడివి, ఏడుస్తావేంట్రా, అమ్మను చూసుకోవాలి' అంటాం. వాడు నోరు మూసుకుంటాడు. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరో తన బదులు అరుస్తుంటే వింటాడు. అది కూడా తప్పేనంటే ఇక వాడు ఎక్కడికి పోవాలి?

మెటల్‌కోర్ అంటే హార్డ్‌కోర్ పంక్, హెవీ మెటల్ కలిసిన సంగీతం. 1990లలో అమెరికాలో గట్టిపడింది. పాట మధ్యలో ఒక్కసారిగా వేగం తగ్గి గిటార్లు, డ్రమ్స్ కలిసి బరువుగా కొట్టే భాగాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. కుర్రాళ్లు గంతులేసేది అక్కడే. మత్తు గురించి రాశారు కాబట్టి చెబుతున్నాను, ఈ సంగీతానికి పునాది వేసిన బ్యాండ్లలో ఒకటైన 'ఎర్త్ క్రైసిస్' మందు, సిగరెట్, డ్రగ్స్ ఏవీ ముట్టని స్ట్రెయిట్ ఎడ్జ్ ఉద్యమానికి గొంతుగా నిలిచింది. కచేరీల్లో గుంపు గురించి కూడా రాశారు. 2017 ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని లోలాండ్స్ ఉత్సవంలో ఇదే శామ్ కార్టర్ వేదిక మీద కచేరీ ఆపాడు. జనం చేతుల మీదుగా వస్తున్న ఒక అమ్మాయిని ఎవడో అసభ్యంగా తాకడం తన కళ్లతో చూశానని మైకులో చెప్పి, అలాంటివాడికి ఇక్కడ చోటు లేదని అందరిముందూ గద్దించాడు. మన సినిమా ఫంక్షన్లలో అలాంటి మాట ఒక్కసారి వినాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక.

ఈ సంగీతంలో అంతా మంచే ఉందని నేను అనను. పేరున్న ఒక అమెరికన్ మెటల్‌కోర్ గాయకుడు భార్యను చంపించడానికి మనిషిని మాట్లాడబోయిన కేసులో 2014లో జైలుకు వెళ్లాడు. ఆడవాళ్లను కించపరిచే పాటలూ ఉన్నాయి. వాటిని పేరుపెట్టి రాయండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. ఊరూ పేరూ లేకుండా మొత్తం సంగీతాన్ని బోనెక్కించడమే అన్యాయం. అలా బోనెక్కించడం కొత్త కాదు. హెవీ మెటల్ బ్యాండ్ 'జుడాస్ ప్రీస్ట్' పాటల వల్లే ఇద్దరు కుర్రాళ్లు ఆత్మహత్యకు పాల్పడ్డారని అమెరికాలోని నెవాడాలో కేసు పెడితే, 1990లో కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి సంగీతం వినే 39 మందికి ముందు కోపం తెప్పించి, ఆ తర్వాత వాళ్లలో కొందరికి తమకు నచ్చిన పాటలే వినిపించి, మిగిలినవాళ్లను నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. పాటలు విన్నవాళ్ల చిరాకు, ఒత్తిడి తగ్గాయి. చిన్న పరిశోధనే, దానితో అంతా తేలిపోయిందనను. మీ వ్యాసంలో ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

ఆత్మహత్యల గురించి ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా తయారైనవి. ఒక ప్రాణం పోవడానికి ఒకే కారణం ఉన్నట్టు రాయొద్దన్నది ఆ సంస్థ చెప్పే ముఖ్యమైన మాట. చదువుల టెన్షన్, ర్యాంకుల పోలికలు, హాస్టల్ గదుల ఒంటరితనం, ఇవన్నీ వదిలేసి చెవిలోని పాటను దోషిని చేస్తే మనందరికీ సుఖంగానే ఉంటుంది. పిల్లలకు ఉండదు.

నా విన్నపం ఇంతే. సినిమా పాటలకు ఇచ్చే చోటులో నెలకు ఒక్కసారైనా ఇలాంటి ఆల్బమ్‌కు సమీక్ష వేయండి, విన్నవాళ్లచేత రాయించండి. ఒకే పాట పదేపదే వింటున్న పిల్లవాడి పక్కన కూర్చుని, ఆ పాటలో ఏముందో చెప్పమని అడగాలని తల్లిదండ్రులకు రాయండి. ఫోన్ లాక్కుంటే ఆ సంభాషణ మొదలే కాదు. మనసు బాగాలేనప్పుడు ఎవరైనా ఉచితంగా మాట్లాడటానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. చావు ఆలోచనల గురించి అరపేజీ రాసిన ఆ వ్యాసం కింద ఆ నంబరు లేదు. వచ్చే ఆదివారం సంచికలోనైనా కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి. నోటీసు బోర్డులో ఆ ముక్క అంటించమని నేనే వెళ్లి వార్డెన్ గారిని అడుగుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ