పర్లాకిమిడి పాత పుస్తకాల కోసం: ఒడిశాలోని గజపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

గిడుగు రామమూర్తి పంతులు గారు మన పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అలాంటి పనికి పుట్టిల్లు ఈ ఊరు.

ఇప్పుడు డిజిటల్ లైబ్రరీల్లో బ్రౌన్ నిఘంటువు, శ్రీకాకుళం జిల్లా ముఖలింగం గుడి శాసనాల పాఠాలు ఫోన్‌లోనే చదువుకుంటున్నాం. ఒక స్కాన్‌లో పుస్తకం పట్టుకున్న మనిషి బొటనవేలు కూడా పడింది. ఆ వేలికి దండం పెట్టాలనిపించింది.

మా దగ్గర ఒక పాత బీరువాలో తెలుగు పుస్తకాలున్నాయి. మొన్న ఒకటి తీస్తే అట్ట చేతిలోనే పొడిగా రాలింది. వానాకాలం వస్తుందంటే టెన్షన్‌గా ఉంది. ఈలోపే స్కాన్ చేయించండి. పుస్తకాల పేర్లు తెలుగు లిపిలోనూ ఎక్కించండి. ఇంగ్లీషు అక్షరాల్లో తప్పు పడితే ఎంత వెతికినా దొరకవు. ఒడియా, తెలుగు రెండూ చదవగలిగినవాళ్లు ఇక్కడే ఉన్నారు, పిలిస్తే వస్తారు.

ఇట్లు,
పర్లాకిమిడి పాఠకుడు