ప్లాన్ ఒకరిది, కట్టుబడి ఒకరిది వద్దమ్మా

కావలి

చి.ల.సౌ. శిరీషకు అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఒంగోల్లో మీ ఇల్లు కట్టే పని ఎవరికివ్వాలని మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు కొట్లో బేరం మధ్యలో ఉన్నాను. అయినా అది రెండు మాటల్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నా. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

హైదరాబాద్ ఆర్కిటెక్టు చేత ప్లాన్ గీయించుకుని, ఒంగోల్లో చదరపు అడుగుకి ఎవరు తక్కువ చెబితే వాళ్లకి పని అప్పగించాలని అల్లుడుగారి ఆలోచన. ప్లాన్, స్ట్రక్చర్ డిజైను (పునాది, పిల్లర్లు, బీముల లెక్క), కట్టుబడి అన్నీ తామే చేసే ఒంగోలు సంస్థకి ఇద్దామని నీ ఆలోచన. నేను నీ పక్షమే. కూతురివని కాదు, ఇన్నేళ్లుగా మన కౌంటర్ దగ్గర సిమెంటు, ఇనుము, పైపులతో పాటు తగాదాలు కూడా చూస్తున్నాను కాబట్టి.

ఎక్కువ తగాదాలు ఇలాంటివే. ఒకాయన ఇంట్లో మేడ మీద బాత్‌రూమ్ నుంచి నాలుగు అంగుళాల పైపు దిగాల్సిన చోట సరిగ్గా బీమ్ వచ్చింది. ప్లంబరేమో బీమ్ కొట్టేద్దామంటాడు. స్ట్రక్చర్ ఇంజనీరుకి ఫోన్ చేస్తే, ‘నాకిచ్చిన ప్లాన్‌లో బాత్‌రూమ్ అక్కడ లేదు’ అన్నాడు. ఆర్కిటెక్టు, ‘మార్చిన ప్లాన్ ఎప్పుడో మెయిల్ చేశాను’ అన్నాడు. కాంట్రాక్టరు, ‘నా చేతికొచ్చిన డ్రాయింగ్ ప్రకారమే పోశాను’ అన్నాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, చిక్కంతా అక్కడే. చివరికి ఓనరే మా దగ్గర బెండ్లు, పైపులు కొనుక్కుపోయి, గోడ బయటి నుంచి చుట్టు తిప్పించుకున్నాడు. ఇప్పుడా పైపు వీధిగుమ్మం పక్కనే కనబడుతుంది.

ఒకే సంస్థ అయితే ఇలాంటి పొరపాటు జరగదని అనను. కానీ గీసినవాళ్లూ పోసేవాళ్లూ ఒకే ఆఫీసులో కూర్చుంటారు కాబట్టి సెంట్రింగ్ కొట్టకముందే బయటపడే అవకాశం ఎక్కువ. బయటపడకపోయినా మీరు నిలదీయాల్సింది ఒక్కళ్లనే. తమ డ్రాయింగ్‌లో తప్పుకి తామే మీ దగ్గర ఎక్స్‌ట్రా అడగలేరు.

మీ స్థలానికైతే ఇది మరీ ముఖ్యం. అది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. నేల అలా ఆడుతుంటే పైన గోడలు బీటలు తీస్తాయి. ఇలాంటి నేలలకి అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. సన్నగా లోతుగా బోరు తీసి, అడుగున వెడల్పు చేసి, ఇనుము దింపి కాంక్రీటు పోస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశపు నల్లరేగడి కోసమే వృద్ధి చేసిన పద్ధతి. మట్టి పరీక్ష చేయించకుండా దూరాన కూర్చుని ప్లాన్ గీసేవాళ్లు మామూలు ఫుటింగులు, అంటే పిల్లరు కింద వెడల్పు కాంక్రీటు దిమ్మలు వేసేస్తారు. తక్కువ రేటు కాంట్రాక్టరు ఆ లెక్కకే కొటేషన్ ఇస్తాడు. గొయ్యి తవ్వాక నల్లమట్టి చూపించి బేరం మళ్లీ మొదటికి తెస్తాడు. అప్పటికి మీరు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు, వెనక్కి పోలేరు. డిజైనూ కట్టుబడీ కలిపి ఒకే ధరకి ఒప్పుకునే సంస్థ మట్టి పరీక్ష ముందే చేయించుకుంటుంది, ఎందుకంటే లెక్క తప్పితే పోయేది దాని డబ్బు.

కాలం సంగతి కూడా చూడాలి. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు నల్లరేగడిలో తవ్వకం పెట్టుకుంటే గోతిలో నీళ్లు తోడడంతోనే సరిపోతుంది. డ్రాయింగులన్నీ పూర్తయ్యాక కొటేషన్లు పిలిచి, బేరాలాడి మొదలుపెడితే ఈ ఏడు వానల్లోపు పునాది లేవదు. ఒకే సంస్థ అయితే వంటగది, ఎలివేషన్ (ఇంటి ముందువైపు) డ్రాయింగులు ఒకపక్క సాగుతుండగానే ఇంకోపక్క పైల్స్, వాటి పైన గోడలని మోసే ప్లింత్ బీమ్ కానిచ్చేస్తారు. నేషనల్ హైవే పనులు ఈపీసీ అని ఇస్తారే, అదీ ఈ పద్ధతే: డిజైను, సామాను, కట్టడం అన్నీ ఒకే కాంట్రాక్టరువి. పిల్లర్లు ఎక్కడొస్తాయో మాత్రం పునాదికి ముందే ఖాయం చేసుకోండి. ఆ తర్వాత హాలు ఇంకో రెండడుగులు పెంచమంటే ఎవరూ వినరు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా.

అల్లుడుగారికి నచ్చే మాట ఒకటి చెబుతాను. ఒంగోల్లో 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇలా భూకంపాలొచ్చే చోట కాబట్టి, పిల్లరు నిలువు కడ్డీలని చుట్టి కట్టే రింగుల కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచాలని డ్రాయింగ్‌లో రాస్తారు. సైట్‌లో రాడ్ బెండర్ 90 డిగ్రీలకే వంచి వదిలేస్తాడు, చేతికి సులువు కదా. ఫీజులో సైట్ విజిట్లు లేని ఇంజనీరు అది చూడ్డానికి రాడు. గీసిన సంస్థ మనిషే రోజూ సైట్‌లో ఉంటే కనీసం చూసే కన్ను ఉంటుంది. ఇంకొకటి, పక్కనే చీమకుర్తి గ్రానైట్ పెట్టుకుని ప్లాన్‌లో ఇటాలియన్ మార్బుల్ రాసే ముచ్చట్లు కూడా తగ్గుతాయి. కొనాల్సింది వాళ్లే కాబట్టి గీసేటప్పుడే రేట్లు తెలిసి గీస్తారు.

ఇంత చెప్పానని కళ్లు మూసుకుని సంతకం పెట్టొద్దు. ఆర్కిటెక్టు వేరుగా ఉంటే కాంట్రాక్టరు మీద మీ తరఫున ఒక మనిషి ఉన్నట్టు. ఇక్కడ ఆ మనిషి ఉండడు. లాభం తగ్గుతుందనిపిస్తే డ్రాయింగ్‌లోనే ఇనుము తగ్గించేయొచ్చు, అడిగేవాళ్లుండరు. అందుకని ఆ సంస్థతో సంబంధం లేని ఇంజనీరుని మీ డబ్బుతో పెట్టుకోండి. స్ట్రక్చర్ డ్రాయింగులు ఒకసారి, ప్రతి స్లాబుకి ముందు కట్టిన ఇనుము ఒకసారి చూస్తే చాలు. ఆయన సరే అన్నాకే కాంక్రీటు. ఇది ఒప్పందంలో రాయమంటే వాళ్లు నసిగితే, ఆ సంస్థని వదిలేసి ఇంకొకళ్లని చూసుకోండి.

ఇంకో మాట కూడా రాయించండి. అపార్ట్‌మెంటు కొన్నవాళ్లకి 2016 రెరా చట్టం ప్రకారం కట్టడంలో లోపాలకి 5 ఏళ్ల పూచీ ఉంటుంది. సొంత స్థలంలో కట్టించుకునేవాళ్లకి ఆ అండ లేదు, ఒప్పందంలో ఉంటేనే ఉన్నట్టు. డబ్బు కూడా నెలల లెక్కన కాదు, పని అయిన మేరకే ఇవ్వండి. కొంత సొమ్ము గృహప్రవేశం తర్వాత ఒక వానాకాలం దాటేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.

ఆ ఒంగోలు సంస్థ కట్టిన ఇళ్లన్నీ ఒకే మూసలో పోసినట్టున్నాయని అల్లుడుగారు అన్న మాట నిజమే కావచ్చు. ముందువైపు ఎలా ఉండాలో ఫోటోలు పెట్టి ఇప్పుడే గట్టిగా చెప్పండి. ఇళ్లు చూడబోయినప్పుడు కొత్త రంగులవి కాదు, మూడు నాలుగేళ్ల కిందటివి అడిగి చూడండి. కిటికీ మూలలు, సన్‌షేడ్ అడుగుభాగం, బాత్‌రూమ్ వెనక గోడ చూస్తే సగం తెలిసిపోతుంది. వీలైతే ఆ ఇంటావిడతో నువ్వు మాట్లాడు, మగవాళ్లు ఎలివేషన్ గురించే చెబుతారు.

వాళ్లిచ్చిన కొటేషన్ రెండు పేజీలే ఉందన్నావు, అది చాలదు. సిమెంటు, ఇనుము, వైరు, పైపులు ఏ కంపెనీవో, ఏ గ్రేడో విడివిడిగా రాసిన జాబితా, స్ట్రక్చర్ డ్రాయింగులు అడిగి తెప్పించి నాకు వాట్సాప్ చెయ్యి. ఇనుము ఎన్ని కిలోలు పడుతుందో మీ నాన్నా నేనూ కూర్చుని లెక్క వేస్తాం. ఆదివారం కొట్టు మధ్యాహ్నమే కట్టేస్తాం, ఆ తర్వాత ఫోన్ చెయ్యి.

మీ అమ్మ