పి.గన్నవరంలో బైకు ఆపిన అన్నయ్యకు కృతజ్ఞతలు

2022 జూలై గోదావరి వరద తగ్గాక కోనసీమ లంకలను, అంటే నది మధ్య దీవుల్లాంటి ఊళ్లను, చూడడానికి వచ్చాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆ నెల ప్రవాహం 25 లక్షలు దాటింది. గోడల మీద నీటి చారలు, పడిపోయిన అరటి తోటలు, కొబ్బరి మొదళ్ల చుట్టూ ఒండ్రు. అంతలోనే జనం బియ్యం ఆరబోసుకుంటూ, ఇళ్లు కడుక్కుంటూ కనిపించారు. వాళ్లతో ఇంకొంతసేపు మాట్లాడాలనుకున్నాను.

ఇంతలో అమ్మను ఆసుపత్రిలో చేర్చారని ఫోను వచ్చింది. బస్సు లేదు. అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) దగ్గర దిక్కుతోచక నిలబడితే మీరు ఆగారు. మీ కాళ్లకు ఇంకా బురద ఉంది, బైకుకు పార కట్టి ఉంది. పారను పక్క దుకాణంలో పెట్టి నన్ను రావులపాలెం తీసుకెళ్లారు. సొంత ఇల్లు తడిసి ఉండగా ముక్కూ మొహం తెలియని వాడి తల్లి కోసం పని వదులుకోవడం ఎంత పెద్ద మనసో! పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే, "ముందు అమ్మ దగ్గరికి వెళ్లండి" అన్నారు. పేరు అడిగేలోపే బస్సు కదిలింది.

అన్నయ్యా, సమయానికి చేరాను. అమ్మ కోలుకుంది. ఇది మీ కంట పడితే కబురు పంపండి, ఆవిడ మీతో మాట్లాడాలంటోంది.